కొమ్ము లేని బీరు

ఫిబ్రవరి 4

అత్తకి,

నీ బుడంకాయ రాస్తున్నది. కుడి కంటి ఆపరేషన్ బాగా జరిగిందని, ఎడమ కంటిది కూడా అయ్యి కళ్ళజోడు వచ్చేదాకా చదవడం రాయడం బంద్ అని, అందాకా మేడ గదిలో అద్దెకున్నాయనే నీకు కళ్ళూ చెయ్యీ అని నీ కార్డు చూసి తెలుసుకున్నాను. ఆయన అక్షరాలు అచ్చు వేసినట్టున్నాయి. నావి మాత్రం ఒకటో తరగతిలో నువ్వు ఎలా వదిలేశావో అలాగే ఉన్నాయి. పలక మీద కొమ్ములు మింగేస్తున్నానని ఎన్ని మొట్టికాయలు వేశావు పంతులమ్మా. చదివే ఆయనకి ఇబ్బంది కలగకూడదని ఈసారి ఒక్కో కొమ్మూ గుర్తుపెట్టుకుని రాస్తున్నాను. ఫోను చేద్దామంటే నా మాట వెనక గిన్నెల మోత నీకు గిట్టదాయె.

అసలు సంగతికి వస్తాను. మా పెద్ద వంటాయన పోయిన వారం ఉద్యోగం మానేశాడు. ఏడేళ్ళుగా నేను ఈ హోటలు నేలమాళిగ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ, కిటికీలోంచి వీధిలో పోయేవాళ్ళ చెప్పులు చూస్తూ బతుకుతున్నానని నీకు తెలుసు కదా. మా యజమానురాలు నిన్న మమ్మల్నందరినీ పొయ్యిల ముందు నిలబెట్టి చెప్పింది. ఎదురు సందులో, పాత గోడౌనులో బీరు కాచే ఆయన ఉన్నాడు. ఆయనా ఈవిడా కలిసి వేసవిలో కొత్త భోజనాల గది తెరుస్తారట. అక్కడ ప్రతి వంటలోనూ ఆయన కాచిన బీరు పడాలట. తాగడానికి కాదు, వండడానికి. ఎవరి వంట కుదిరితే పెద్ద గరిటె, అంటే పెద్ద వంటమనిషి పని, వాళ్ళదే.

అత్తా, నాకు ఆ గరిటె కావాలి. ఇంతగా ఏదీ ఎప్పుడూ కావాలనుకోలేదు.

కానీ నీ చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టాను. నేను వచ్చేస్తున్న రోజున బస్సు మెట్టు మీద నిలబెట్టి, జన్మలో దాన్ని ముట్టనని అనిపించావు. ఎందుకు అనిపించావో మనిద్దరికీ తెలుసు. నాన్న పుణ్యమా అని, సీసా చప్పుడైతే చాలు నేను మంచం కిందకి దూరేదాన్ని. పన్నెండేళ్ళు ఒట్టు నిలబెట్టుకున్నాను. ఆయన ఊసు నా దగ్గర ఎత్తనని నువ్వు ఇచ్చిన మాట నువ్వూ నిలబెట్టుకున్నావు. అందుకే అడుగుతున్నాను. నువ్వు సరేనంటే బీరు పోసి మాంసం వండుతాను. వద్దంటే ఉల్లిపాయలు నాకేం కొత్త కాదు.

త్వరగా జవాబు రాయించు.

నీ
బుడంకాయ


ఫిబ్రవరి 13

బుడంకాయకి అత్త దీవెనలు.

చెప్పేది నేను, రాసేది మేడమీదాయన. నీ ఉత్తరం ఆయన చదువుతుంటే నవ్వలేక చచ్చాను. ఇంత చిన్న సంగతికి ఒట్లూ అనుమతులూనా? ఆ కాలంలో పెట్టిన ఒట్టు ఇంకా మోస్తున్నావా తల్లీ? తీసి గట్టున పెట్టు. అప్పట్లో దాని వాసన తగిలితే మంచం కిందకి దూరేదానివి, కాదనను. పిల్లలన్నాక అంతే. పెద్దయ్యాక నాలుక మారుతుంది, బుద్ధీ మారుతుంది.

బీర మహా మంచిది. ఒంటికి చలవ. మాంసంలో వేస్తే ఇంకా బాగుంటుంది. కానీ తెలిసి వండాలి, రాసుకో. నీళ్ళు చుక్క కూడా పోయకు, దానిలోనే బోలెడు నీరుంది. ముదురుది తేవద్దు, లేతది చూసుకో. కొన్ని పుట్టుచేదు ఉంటాయి, ముందుగా కాస్త నాలుక మీద వేసుకుని చూడు. చేదు కాయ ఒక్కటి పడిందా, గిన్నె మొత్తం పాడు. ఇంకో సంగతి. పొట్టు పారేస్తావేమో. అసలు రుచంతా దానిలోనే ఉంది. ఎండబెట్టి, దోరగా వేయించి, పొడి చెయ్యి. తిన్నవాళ్ళు నీ వెంటపడకపోతే నా పేరు మార్చుకుంటాను.

ఆ కాసే ఆయన తీగకి పందిరి గట్టిగా వేశాడా? పందిరి సరిగ్గా ఉంటేనే కాపు. కనుక్కో.

మేడమీదాయన ఎవరని నువ్వు అడక్కముందే చెప్తున్నాను. మనకి బీరకాయ పీచు చుట్టం. మాట తక్కువ, మంచివాడు. నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. రెండోసారి ఆయన గొంతు బొంగురుపోయింది, చలికాలం కదా.

గరిటె నీదే. ఇంటికి పెద్దదాన్ని, నా నోటి మాట ఊరికే పోదు.

అత్త


ఫిబ్రవరి 21

అత్తా, అత్తా, అత్తా,

నీ ఉత్తరం వంటింట్లో అందరికీ చదివి వినిపించాను. తిడతావని, ఏడుస్తావని, ఓ నెలపాటు ఉత్తరాలు మానేస్తావని అనుకున్నాను. నువ్వేమో ఒట్టు గట్టున పెట్టించి, పైగా వంట పాఠం చెప్పావు. బుద్ధి మారుతుందన్నావు చూడు, ఆ మాటకి మాత్రం కళ్ళు చెమర్చాయి.

నువ్వు బీర, బీర అని రాయించడం భలే ముద్దుగా ఉంది. పాతకాలం వాళ్ళు అలాగే అనేవాళ్ళు కాబోలు. సీసాని కాయ అంటారని కూడా నాకు ఇప్పుడే తెలిసింది. నిన్న గోడౌనుకి వెళ్ళి, లేత కాయ ఒకటి ఇవ్వండి, మా అత్త చెప్పింది అన్నాను. బీరు కాచే ఆయన బుర్ర గోక్కుని, నల్లటి సీసా పక్కన పెట్టి ఎండుగడ్డి రంగుది చేతిలో పెట్టాడు. పందిరి గురించి కూడా అడిగాను. బీరుకి ఆ వాసనా చేదూ ఒక తీగ పువ్వు వల్ల వస్తాయట, ఆ తీగని మనిషికి మూడింతల ఎత్తు పందిరి మీద పాకిస్తారట. మీ అత్తగారు ఏ కంపెనీలో చేశారని అడిగాడు. ఒకటో తరగతి పంతులమ్మ అంటే నమ్మలేదు.

ఇక పొట్టు. బార్లీ గింజలు నలగ్గొట్టి, వేడినీళ్ళలో నానబెట్టి, రసం తీసుకున్నాక మిగిలే పొట్టు అక్కడ తొట్లకొద్దీ పడుంటుంది. పశువులవాళ్ళు తీసుకుపోతారు. ఒక బకెట్టు నేను తెచ్చుకున్నాను. నువ్వు చెప్పినట్టే ఎండబెట్టి, వేయించి, పొడి చేసి, గోధుమపిండిలో కలిపి, కాగితమంత పలచగా ఒత్తి కాల్చాను. కరకరలాడుతూ వేరుశనగల వాసన. మా యజమానురాలు నిలబడే ఏడు తినేసి, ఎనిమిదోది జేబులో వేసుకుంది. చేప ముక్కలకి పిండి కూడా చల్లటి బీరుతో కలిపి, నురగ చావకముందే నూనెలో వేశాను. పైపొర పట్టుకుంటే పగిలేటంత తేలిగ్గా వచ్చింది.

మాంసం దగ్గరే బోల్తా పడ్డాను. మూడు గిన్నెలు పారబోశాను. నీళ్ళు పోయలేదు, లేతదే పోశాను, అయినా రెండు గంటలు మరిగేసరికి కాకరకాయ కషాయం అయింది. వేపుళ్ళ మాస్టరు నా పక్క పొయ్యి మీద వండుతూ ఈల వేస్తున్నాడు. ఆయన కూడా గరిటె మీద కన్నేశాడు. చేదు ఎలా చంపాలో చెప్పు.

ఇంకొకటి, నిజం చెప్పు. ఇవన్నీ నీకెలా తెలుసు? మామయ్య ఉన్న రోజుల్లో నువ్వెప్పుడైనా ఒక గుక్క... నేను ఎవరికీ చెప్పనులే.

నీ
బుడంకాయ


మార్చి 2

బుడంకాయకి అత్త దీవెనలు.

ఎడమ కంటికి కూడా కట్టు కట్టారు. పగలంతా పనేం లేదు, కుర్చీలో కూర్చుని నీ కూర గురించే ఆలోచిస్తున్నాను. పొట్టు సంగతి వింటుంటే ఒళ్ళు పులకరించింది. నేను చెప్పానా లేదా? పాలావిడకీ, కట్టు మార్చే నర్సుకీ, పక్కింటి వాళ్ళకీ అందరికీ చెప్పాను, మా బుడంకాయ బీరతో పేరు తెచ్చుకుంటోందని.

చేదు చావదు బుడంకాయా. దానితో కొట్లాడితే మనమే ఓడిపోతాం. దాని పక్కన తీపిని కూర్చోబెట్టాలి. ఏడేళ్ళు ఉల్లిపాయలు తరిగావు గానీ, వాటికి ఎప్పుడైనా టైమిచ్చావా? సన్నసెగ మీద ముప్పావుగంట, బెల్లం రంగు వచ్చేదాకా వేయించు. ఆ తర్వాత నిజం బెల్లం ఒక చిన్న ముక్క. మాంసం సగం ఉడికాక అప్పుడు బీర వెయ్యి. కుతకుతలాడించకు. మూత పెట్టి ఇంకో పని చూసుకో.

ఈ మధ్య మా ఇంట్లో వారానికి రెండుసార్లు బీరే. మేడమీదాయనకి అది లేనిదే ముద్ద దిగదు. పోనీలే పాపం అని నేనూ కాదనను.

అత్త

రాసేవాడి మాట: అడగకుండా కలగజేసుకుంటున్నాను, క్షమించాలి. పోసేటప్పుడు చేదు తెలియదమ్మా. మరిగేకొద్దీ చిక్కబడుతుంది. సెగ బాగా తగ్గించండి. ఆ కాచే ఆయన్ని తీగ పువ్వు తక్కువ వేసింది ఇమ్మని అడగండి. మీకు గరిటె రావాలని నాకూ ఉంది.


మార్చి 12

అత్తకీ, మేడమీదాయనకీ,

కుదిరింది.

మీ ఇద్దరి మాటలూ కలిపితేనే కూర అయింది. పువ్వు తక్కువ వేసిన సీసా ఆయన లోపలి గదిలోంచి వెతికి తెచ్చాడు. ఉల్లిపాయలకి ముప్పావుగంట కాదు, గంట ఇచ్చాను. గరిటెకి అంటుకుని వదలనంత ముద్దయ్యాయి. మాంసం ఎర్రగా వేగి, సగం ఉడికి, అప్పుడు బీరు. పోయగానే నురగ గిన్నె అంచు దాకా లేచి, నన్ను చూసి సిగ్గుపడ్డట్టు దిగిపోయింది. సెగ తగ్గించాను. మూత పెట్టాను. ఇంకో పని చూసుకోమన్నావు గానీ చేతకాలేదు, గిన్నె ముందే స్టూలు వేసుకుని కూర్చున్నాను.

మూత తీస్తే పులుపూ తీపీ చేదూ మూడూ ఒకదాన్నొకటి పట్టుకుని వచ్చాయి. చేదు ఉంది అత్తా, చావలేదు. చివర్లో నాలుక వెనక కాస్త తగిలి, ఇంకో ముద్ద పెట్టమంటుంది. గిన్నెలు తోమే ఆవిడ ఆ గిన్నె తోమడానికి ముందు చుట్టూ వేలితో తుడుచుకుని తింది. వేపుళ్ళ మాస్టరు ఈల ఆపేశాడు. పదిహేడున రుచి చూస్తారు. నిద్ర పట్టడం లేదు, ఆకలి వేయడం లేదు, నడుస్తుంటే మెట్లు రెండేసి ఎక్కుతున్నాను.

ఒక్క మాట. ఇది నీతో చాటుగా చెప్పాల్సింది, చదివేది ఆయనే కాబట్టి చాటు లేదు. బీరు లేనిదే ముద్ద దిగని మనిషిని ఇంట్లో ఎందుకు పెట్టుకున్నావు? గిన్నెలో పడితే అది వంట. గొంతులో పడితే ఏమవుతుందో మనం చూశాం. రాతగాడుగారూ, మీ చిట్కా లేకపోతే నా కూర లేదు, మీరు మంచివాళ్ళే. కానీ మా నాన్న కూడా పొద్దునపూట మంచివాడే. మీరు కూడా మా అత్తని ఏడిపించకండి.

కోపం తెచ్చుకోకు అత్తా. నేనడిగిన గుక్క సంగతికి నువ్వు జవాబు రాయించలేదు, సిగ్గుపడ్డావని వదిలేశాను.

నీ
బుడంకాయ


మార్చి 18
(కొత్త గది వంటల జాబితా అచ్చేసిన కార్డు వెనక)

గెలిచాను అత్తా. గరిటె నాది. మూడు మూరలుంది, నా అంత ఎత్తు. ముందువైపు మూడో వరుస చూడు, నిన్ను అచ్చు వేయించాను. పూర్తి ఉత్తరం చేతులు కుదురుకున్నాక.

బుడంకాయ


మార్చి 27

నేనే రాస్తున్నాను. నా చేత్తో, నా కళ్ళతో. కట్టు విప్పి జోడు ఇచ్చారు. ఆ కళ్ళతో మొట్టమొదట చదివినవి నీ అచ్చు అక్షరాలు. పోస్టుమాను చేతిలోంచి లాక్కుని, గుమ్మంలోనే చదివాను.

"బీరులో నెమ్మదిగా ఉడికిన మాంసం. మా అత్త పద్ధతి."

రు. కొమ్ముతో సహా. అచ్చువాడు నీలాగా కొమ్ములు మింగేరకం కాదు కదా.

నాకు బీరకాయ అని చెప్పి లోకానికి బీరు పోస్తావా? నేను చెప్పింది బీరకాయ గురించి. పొట్టు అంటే బీరపొట్టు. పందిరి అంటే బీరపందిరి. ముదురూ లేతా అంటే కాయ. నువ్వు చిన్నప్పుడు కంచం నెట్టేసి జన్మలో బీరకాయ ముట్టనన్నావే, ఆ ఒట్టు గట్టున పెట్టమన్నాను. బస్సు మెట్టు మీద పెట్టిన ఒట్టు కాదు. అది గట్టున పెట్టే ఒట్టు కాదని నీకు తెలియదా? ఆ సీసా నా తమ్ముణ్ణి తినేసింది. నీ చిన్నతనం తినేసింది. ఆ చేత్తోనే దాన్ని నా పేరు మీద వడ్డిస్తావా?

వీధి వీధంతా చెప్పుకున్నాను. పాలావిడ రేపు వచ్చి కూర ఎలా చేసిందమ్మా అంటే ఏం చెప్పను? కళ్ళు కనిపించనిదాన్ని, ఏం చెప్పినా నమ్ముతుంది అనుకున్నావు. పలక మీద మింగితే మొట్టికాయ వేశాను, ఇప్పుడు ఎక్కడ వేయను?

గరిటె పుచ్చుకుని సుఖంగా ఉండు. నాకు రాయకు.

ఒకప్పటి అత్త


ఏప్రిల్ 4

అత్తకి,

రాయొద్దన్నావు. ఈ ఒక్కటీ రాస్తాను.

నేను ఒక్కసారి కూడా బీరకాయ అని రాయలేదు. ఒట్టు గురించి రాశాను, బస్సు మెట్టు గురించి రాశాను, నాన్న గురించి రాశాను. గొంతులో పడితే ఏమవుతుందో చూశామని కూడా రాశాను. ఇవన్నీ విని కూడా బీరకాయ అని ఎలా అనుకున్నావో నాకు అంతుపట్టడం లేదు. నువ్వు పోస్టు కవర్లు కూడా పారేయవు. నా ఉత్తరాలు నీ రేకుపెట్టెలో ఉంటాయి. తీసి నీ కళ్ళతో చదువు. కొమ్ములు మింగి ఉంటే తప్పు నాదే, ఏ శిక్ష వేసినా సరే.

నీ ఉత్తరం అందిన గంటలోనే పొయ్యి ఆర్పేశాను. నువ్వు సరేనన్నావనే ముట్టాను. అనలేదని తెలిశాక ముట్టను. యజమానురాలికి అదే చెప్పాను. ఆవిడ, నెలాఖరు దాకా గరిటె నా మేకుకే ఉంటుంది, ఆ తర్వాత మాస్టరుకి ఇస్తానంది. బీరు కాచే ఆయన వచ్చి ఉల్లిపాయల బుట్ట పక్కన కూర్చుని, నాలుగు ఉల్లిపాయలు ఒలిచి పెట్టి వెళ్ళాడు. నేను మళ్ళీ ఉల్లిపాయలు తరుగుతున్నాను. కళ్ళవెంట నీళ్ళు వస్తే ఎవరూ అడగరు, అదొక సుఖం.

బీరపందిరి దగ్గర మాత్రం నవ్వొచ్చింది. నవ్వినందుకు క్షమించు.

ఎప్పటికీ నీ
బుడంకాయ


ఏప్రిల్ 13

నా బుడంకాయకి,

నీ కొమ్ములన్నీ ఉన్నాయి.

రేకుపెట్టె తీసి, కిటికీ దగ్గర కూర్చుని చదివాను. ఒక్కో కొమ్మూ కొక్కెంలా తిప్పి, పలక మీద కూడా ఎప్పుడూ రాయనంత శ్రద్ధగా రాశావు. బస్సు మెట్టు ఉంది. మీ నాన్న ఉన్నాడు. మామయ్య ఉన్న రోజుల్లో గుక్క కూడా ఉంది, దాని సంగతి తర్వాత చూస్తాను. ఇందులో ఒక్కటీ నా చెవిన పడలేదు తల్లీ. నేను విన్న ఉత్తరాల్లో ఒక తోట ఉంది, తోటాయన ఉన్నాడు, బీరపాదులు ఉన్నాయి. కొమ్ము మింగింది నువ్వు కాదు. చదివినాయన.

మేడ ఎక్కి, ఉత్తరాలు ఆయన ముందు పరిచాను. ఆయన అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఆ మాట ఈ ఇంట్లో నా నోటితో పలకలేకపోయానక్కా. నోరు తిరక్క బీర అన్నాను. నువ్వు నవ్వావు. ఆ నవ్వు చూశాక ఇక అదే కొనసాగించాను. అది అడిగింది ఒక ఒట్టు విడిపించమని. ఆ ఒట్టు నా వల్ల పుట్టింది. నా వల్ల దానికి మూసుకున్న తలుపులు చాలు."

అక్కా అన్నాడు. నీకు అర్థమైందా? మీ నాన్నే.

పదకొండేళ్ళయింది చుక్క ముట్టి. రెండేళ్ళ కిందట చేతిసంచీతో గుమ్మంలో నిలబడ్డాడు. పైకి ఎక్కు అన్నాను, ఎక్కాడు. నీకిచ్చిన మాట ఉంది కాబట్టి నీకు చెప్పలేదు. అద్దెకున్నాయన అన్నాను, బీరకాయ పీచు చుట్టం అన్నాను. ఆ మాటలు తన చేత్తోనే రాసుకున్నాడు, కలం ఆగలేదు. నేను బీరకాయ అన్నచోటల్లా కాయ తీసేసి రాశాడు, ఒక్కచోట మర్చిపోయాడు, దానికి నువ్వు వెళ్ళి సీసాని కాయ అన్నావు. మీ ఇద్దరినీ ఏమనాలి?

అది లేనిదే ముద్ద దిగనిది బీరకాయ కూర. నువ్వు రాతగాడుగారిని మందలించావు చూడు, మా అత్తని ఏడిపించకండి అని. ఆ ముక్క దగ్గర చదవడం ఆపేశాడు. ఏమైందంటే దగ్గన్నాడు. మంచినీళ్ళు తాగి వచ్చి, "నిన్ను జాగ్రత్తగా చూసుకోమని రాసింది" అన్నాడు. ఆ రోజు నుంచి రోజూ పొద్దున నా కంట్లో మందు తనే వేస్తున్నాడు. నాకు కారణం ఇప్పుడు తెలిసింది.

నిన్ను అనరాని మాటలన్నాను. నా తప్పే. ఇక ఒట్టు సంగతి. అప్పుడు కళ్ళకి కట్టు కట్టుకుని చెప్పాను, ఇప్పుడు జోడు పెట్టుకుని చెప్తున్నాను. నీ చేత ఒట్టు పెట్టించింది సీసాకి భయపడి మంచం కిందకి దూరే బతుకు నీకు ఇంక వద్దని. నువ్వు దూరలేదు. దాన్ని మెడ పట్టుకుని గిన్నెలోకి వంచావు. ఒట్టు తీసి గట్టున పెట్టు. పొయ్యి వెలిగించు. నా పేరు కార్డు మీద అలాగే ఉండనీ, రేకుపెట్టెలో ఆ కార్డు అన్నిటికంటే పైన పెట్టాను.

మీ నాన్నకి నువ్వు రాయాలని నేను అడగను. ఆయన కూడా అడగలేదు. మేడ మీంచి దిగి, గరిటె ఇంకా మేకుకే ఉందా, నెలాఖరుకి ఎన్ని రోజులుందని మాత్రం అడిగాడు.

నీ అత్త


ఏప్రిల్ 21

అత్తకి,

పొయ్యి వెలిగింది. గరిటె నా చేతిలో ఉంది. నీ ఉత్తరం ఉల్లిపాయల బుట్ట మీద కూర్చుని చదివాను. సగంలో లేచి, సందు చివరిదాకా నడిచి, తిరిగొచ్చి మిగతా సగం చదివాను. ఆ తర్వాత యజమానురాలిని అందరి ముందూ కౌగిలించుకున్నాను. ఆవిడకి అలవాటు లేదు, బిగుసుకుపోయి నిలబడింది. వేపుళ్ళ మాస్టరు గరిటె తనే మేకు మీంచి తీసి ఇచ్చాడు. మాస్టరు, పోనీలే, మంచివాడు.

నిన్న కొత్త గది తెరిచాం. కుర్చీలు చాలక జనం కిటికీ అరుగుల మీద కూర్చున్నారు. అత్త కూర ఉందా అని అడుగుతున్నారు. మూడు గిన్నెలు వండాను, మూడూ ఖాళీ. పొట్టు అప్పడాలు వడ్డించేలోపే బుట్టలోంచి మాయమయ్యాయి. బీరు కాచే ఆయన నీ గురించి అడిగాడు. నిజం చెప్తే గోడకి చేరగిలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. వచ్చే ఏడు గోడౌను వెనక తీగ పువ్వు పక్కన బీరపాదు కూడా పెడతాడట, ఒకే పందిరి మీద.

ఇంకో సంగతి. కొత్త గదిలో బీరు పడ్డ వంటలే ఉండాలని మొదటి షరతు కదా. నేను పెద్ద వంటమనిషిని అయ్యాక అడిగిన మొదటి కోరిక, దాన్ని ముట్టకూడనివాళ్ళు వస్తే వాళ్ళకీ ఒక గిన్నె ఉండాలని. ఎంత ఉడికినా అది పూర్తిగా పోదు, వాళ్ళకి ఆ చుక్క కూడా వద్దు. యజమానురాలు ఒప్పుకుంది. ఊరంతా తిరిగి, నాలుగో కూరల కొట్లో లేత బీరకాయలు దొరికాయి. పుట్టుచేదు ఉందేమోనని ఒక్కో కాయా కొరికి చూశాను. నీళ్ళు చుక్క పోయలేదు. జన్మలో ముట్టనన్నది కంచం నిండా పెట్టుకుని తిన్నాను. బాగుంది అత్తా. ఇన్నాళ్ళు ఎందుకు మంకుపట్టు పట్టానో. కార్డు మళ్ళీ అచ్చుకి వెళ్ళింది. ఆఖరి వరుసలో బీరకాయ కూర ఉంటుంది. నీకిచ్చినట్టే దానికీ ఒక చుట్టరికం రాయించాను, కార్డు వచ్చాక చూసుకోండి.

అన్నీ మర్చిపోయానని అబద్ధం చెప్పను. మంచం కింద చీకటి నాకు ఇంకా గుర్తుంది. అది ఒక్క ఉత్తరంతో పోయేది కాదు, నేను పోగొట్టుకోవాలని కూడా తొందరపడటం లేదు. కానీ చేదు పక్కన కూర్చోబెట్టాల్సింది ఒకటుందని మీరిద్దరే నేర్పారు. ఎండలు తగ్గగానే ఇద్దరూ రండి. నేలమాళిగ కిటికీ దగ్గర రెండు స్టూళ్ళు వేస్తాను. వీధిలో చెప్పులు లెక్కపెడుతూ తిందురుగాని.

నీకు కళ్ళొచ్చాయని తెలుసు. అయినా ఈ ఉత్తరం నువ్వు చదవకు, మేడ మీదకి పంపించు.

నాన్నా, ఇది అత్తకి నువ్వే చదివి వినిపించు. ఈసారి ఉన్నది ఉన్నట్టు చదువు.

బుడంకాయ